కొరమేను: బతికున్నది చూసి కొనడం నుంచి పులుసు దించేదాకా

కొరమేను పులుసు బాగా కుదరాలంటే పొయ్యి దగ్గర చేసే పని కంటే, చేప పొయ్యి దాకా వచ్చేలోపు చేసే పనే ఎక్కువ. మసాలా ఎంత బాగా నూరినా సరే, ఎప్పుడో చచ్చి గంపలో పడున్న చేపను తెచ్చుకుంటే ఆ నీచు పోదు, అదే మంచి చేపైతే ఉప్పు, కారం, చింతపండు చాలు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా అంతా సులువే. అందుకే ఇందులో వంట చివర్లో వస్తుంది, ముందు చేప సంగతే ఎక్కువ చెప్తాను.

ముందు మీరు కొనేది కొరమేనేనా అన్నది తేల్చుకోండి. దీన్ని కొర్రమీను అని, కొన్నిచోట్ల కొర్రమట్ట అని కూడా అంటారు, తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. శాస్త్రవేత్తలు చన్నా అనే ప్రజాతిలో చేర్చారు, ఆసియాలో నదులు, వాగులు, చెరువులు, వరి పొలాల్లో ఈ ప్రజాతికి చెందినవి 50కి పైగా రకాలు ఉన్నాయి. సంతలో మనకు కనిపించేవి ముఖ్యంగా మూడు. అసలు కొరమేను గుండ్రటి పొడుగాటి ఒళ్లుతో, నల్లటి వీపుతో, తెల్లటి పొట్టతో ఉంటుంది, పక్కల మీద ఏటవాలుగా నల్లటి చారలు పొట్ట వైపు దిగుతుంటాయి. పూమేను ఇంకా పెద్దది, మీటరు దాటి పెరుగుతుంది, ముదిరిన దాని ఒంటి మీద తెల్లటి చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి, చిన్న వయసులో అయితే తోక మొదట్లో నల్లటి మచ్చ, దాని చుట్టూ నారింజ రంగు వలయం స్పష్టంగా తెలుస్తుంది. మూడోది మట్టగిడస, ఇది చిన్నది, ఒళ్లంతా చిన్న చిన్న నల్లటి మచ్చలు, రుచి బాగానే ఉంటుంది కానీ ముక్కలు కోయడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఇగురు పెట్టుకోవచ్చు. మూడింటికీ వీపు మీద మెడ దగ్గర నుంచి తోక దాకా ఒకే పొడుగాటి రెక్క ఉంటుంది, తల మీద కూడా పెద్ద పెద్ద పొలుసులు ఉంటాయి, తోక చివర గుండ్రంగా ఉంటుంది, చీలి ఉండదు.

మీసాలు ఉండి, పొలుసు లేకుండా చర్మం నున్నగా ఉంటే అది కొరమేను కానే కాదు. అది మార్పు అనే మీసాల చేపల జాతి, అందులోనూ చాలాసార్లు ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, దాన్ని పెంచడం మన దేశంలో నిషేధం. తల తీసేసి, తోలు ఒలిచేసి, ముక్కలు చేసి "బోన్‌లెస్ కొరమేను" అని అమ్మే చోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. హైదరాబాద్ హోటళ్లలో అపోలో ఫిష్‌కి కొరమేను ముక్కలే పేరు తెచ్చాయి, ఇప్పుడు చాలాచోట్ల బాసా అనే వేరే చేప వేస్తున్నారు. పచ్చి ముక్కను వేలితో నొక్కి చూడండి, కొరమేను గట్టిగా ఉండి వెంటనే పైకి లేస్తుంది, బాసా మెత్తగా నీళ్లు కారుతూ ఉంటుంది. బాసా తినకూడదని కాదు, కొరమేను డబ్బులు ఇచ్చి బాసా తెచ్చుకోవద్దనే నా గోల.

ఇక కొనే పద్ధతి.

తొట్టిలో ఉన్నదాన్ని మాత్రమే కొనండి, పక్కన బండ మీద పెట్టిన దాన్ని కాదు. "ఇప్పుడే పోయిందండీ, ఇంకా వేడిగా ఉంది" అంటారు. కొరమేను అంత తొందరగా పోయే చేప కాదు. దాని తలలో మొప్పల పైన గాలి పీల్చుకోవడానికి ప్రత్యేకంగా గదుల్లాంటి ఏర్పాటు ఉంది, మధ్యమధ్యలో నీటి పైకి వచ్చి నోటితో గాలి అందుకుంటుంది. ఒళ్లు తడిగా ఉంటే చాలు, నీళ్లు లేకుండా గంటల తరబడి బతుకుతుంది, ఎండాకాలంలో చెరువు ఎండితే బురదలో దాక్కుని వానల దాకా ఆగుతుంది. అలాంటిది తొట్టిలోనే చచ్చిందంటే దెబ్బన్నా తగిలి ఉండాలి, జబ్బన్నా చేసి ఉండాలి, లేదా చచ్చి చాలాసేపైనా అయి ఉండాలి. కాబట్టి బండ మీద ఉన్నదానికి బతికున్న దాని ధర ఇవ్వకండి.

తొట్టిలో కూడా గాలి అందుకోవడానికి పైకి వచ్చి వెంటనే కిందికి వెళ్లేదాన్ని చూపించండి. నీటి పైనే తేలుతూ పక్కకు ఒరిగిపోతున్నదాన్ని వద్దనండి. చేతిలోకి తీసుకున్నాక ఒళ్లంతా జిగురు సమానంగా ఉండాలి, పొలుసులు ఊడిన చోట్లు ఉండకూడదు, కళ్లు తేటగా ఉండాలి. చలికాలంలో, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఒంటి మీద ఎర్రటి పుండ్లు ఉన్నాయేమో తప్పకుండా తిప్పి చూడండి, ముఖ్యంగా తల దగ్గర, తోక మొదట్లో. అది ఒక బూజు వల్ల వచ్చే పుండ్ల జబ్బు, 1988 నుంచి మన దేశంలో ఉంది, కొరమేను జాతి చేపలకు తొందరగా అంటుకుంటుంది. మనుషులకు అంటుకునే జబ్బు కాదు గానీ, పుండు ఉన్న చోట మాంసం పాడైపోయి ఉంటుంది, అలాంటిదాన్ని తెచ్చుకోవడం ఎందుకు?

సైజు విషయానికొస్తే, 750 గ్రాముల నుంచి కిలోంపావు మధ్యలో ఉన్నదే పులుసుకి నాకు నచ్చుతుంది. రెండు కిలోలు దాటితే మాంసం పీచు పీచుగా ఉంటుంది, అది వేపుడుకి బాగుంటుంది. లెక్క కూడా ముందే వేసుకోండి: కిలో చేపలో తల, పేగులు, పొలుసులు, రెక్కలు పోతే చేతికొచ్చే ముక్కలు సుమారు 600 గ్రాములే. నలుగురికి కిలో చేప చాలనుకుని వెళ్తే తలతో కలిపి సరిపోతుంది, తల తినని ఇంట్లో సరిపోదు. తూకం వేసేటప్పుడు కవర్లో నీళ్లు వంపేసి వేయమని అడగండి, మొహమాటపడొద్దు.

పెంచిన చేపా, చెరువులో పట్టిన చేపా అని చాలామంది టెన్షన్ పడతారు. కొల్లేరు చేపకూ, గోదావరి చేపకూ ఉన్న పేరు వేరే సంగతి, ఇప్పుడు మార్కెట్‌కి వచ్చేవాటిలో గుంటల్లో, ట్యాంకుల్లో మేత వేసి పెంచినవి కూడా బాగానే ఉంటున్నాయి. పెంచిన దాంట్లో పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు ఎక్కువగా ఉంటుంది, శుభ్రం చేసేటప్పుడు అది మొత్తం తీసేస్తే సరి.

వానాకాలంలో ఒక్క మాట. చెరువు దగ్గరో వాగు దగ్గరో సొంతంగా గాలం వేసేవాళ్లు, పట్టేవాళ్ల దగ్గర నేరుగా కొనేవాళ్లు ఇది వినాలి. నీటి పైన ఎర్రటి చిన్న చిన్న పిల్లలు గుంపుగా కదులుతూ కనిపిస్తే, వాటి కిందే తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. ఏది దగ్గరకొచ్చినా మీదకు దూకుతాయి, కాబట్టి గాలానికి చాలా సులువుగా పడతాయి. ఆ సులువు చూసి పట్టొద్దు. పెద్ద చేపను లాగేస్తే ఆ గుంపు మొత్తం కాసేపట్లో వేరే చేపల పాలవుతుంది. ఈ ప్రజాతిలోనే వాగుల్లో ఉండే చిన్న రకం ఒకటుంది, అందులో మగచేప గుడ్లను నోట్లో పెట్టుకుని కాస్తుంది, ఆ రోజుల్లో తిండి కూడా సరిగ్గా తినదు. ఇంత కష్టపడి పిల్లల్ని సాకే చేపను ఆ నెల వదిలేసి వేరే చోట గాలం వేసుకుంటే మనకు పోయేదేం లేదు. అమ్మేవాళ్లు ఆ ఎర్ర పిల్లల్ని కూడా గిన్నెలో తెచ్చి చూపిస్తే అస్సలు కొనకండి.

మృగశిర కార్తె ముందు రోజు, ఆ రోజు మార్కెట్‌లో అడుగు పెట్టలేం, ధర కూడా ఆకాశంలో ఉంటుంది. కొరమేనుతో ఉన్న సౌకర్యం ఏంటంటే రెండు రోజుల ముందే కొని ఇంట్లో బతికించుకోవచ్చు. అదెలాగో చెప్తాను.

మూతున్న పెద్ద ప్లాస్టిక్ బకెట్ తీసుకెళ్లండి, మూతకు నాలుగైదు కన్నాలు పెట్టండి. నీళ్లు చేప వీపు మునిగేంత పోస్తే చాలు, నిండా పోసి మూత బిగించేస్తే చచ్చిపోతుంది. చేప నీళ్లలో ఊపిరాడక చావడమేంటి అని అడుగుతారు, ఎదిగిన కొరమేను విషయంలో అది నిజం, దానికి పైకొచ్చి గాలి అందుకునే జాగా కావాలి. ఇంటికొచ్చాక వెడల్పాటి టబ్బులోకి మార్చండి. కుళాయి నీళ్లయితే ముందు రోజు పట్టి ఉంచినవే పోయండి, క్లోరిన్ పోతుంది. నీళ్లు జానెడు లోతు, పైన కనీసం రెండు జానల ఖాళీ ఉండాలి. పైన జల్లెడో, ఇనుప జాలీయో పెట్టి దాని మీద ఇటుక పెట్టండి. ఇటుక అనవసరం అనుకోవద్దు, కొరమేను దూకిందంటే జాలీ ఎగిరి పడుతుంది, పొద్దున లేచేసరికి చేప స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తా వెనకాల ఉంటుంది. మరీ పెద్దదాన్నీ మరీ చిన్నదాన్నీ ఒకే టబ్బులో వేయకండి, చిన్నది మాయమైపోతుంది. మేత వేయొద్దు, కడుపు ఖాళీ అయితే శుభ్రం చేయడం సులువు. నీళ్లు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మార్చండి, నీడలో పెట్టండి. బురద వాసన మాత్రం ఒక్క రాత్రిలో పోదు, రెండు మూడు రోజులు మంచినీళ్లలో ఉంటే చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు చంపడం. దీని గురించి ఎవరూ రాయరు, కానీ బతికున్న చేప తెచ్చుకున్నప్పుడు తెలియాల్సిన పనే ఇది. బతికుండగానే ఉప్పు చల్లి, బూడిద పూసి బండకేసి రుద్దడం చాలా చోట్ల చూస్తుంటాను. దయచేసి అలా చేయకండి. గాలి పీల్చే చేప కాబట్టి ఒడ్డున పడేసినా చావదు, అంతసేపూ బాధపడుతూనే ఉంటుంది. పైగా గింజుకుని గింజుకుని అలిసిపోయిన చేప తొందరగా బిగుసుకుపోయి, తర్వాత మాంసం మెత్తబడిపోతుంది. తడి గోనెసంచిలో గానీ పాత తువ్వాలులో గానీ తల బయట ఉండేలా చుట్టి గట్టిగా పట్టుకోండి, రెండు కళ్లకు కాస్త వెనకగా, నడినెత్తిన పచ్చడి బండతో బలంగా ఒక దెబ్బ, వెంటనే ఇంకోటి. ఒళ్లు ఒకసారి వణికి ఆగిపోతుంది. ఆ వెంటనే మొప్పల కింద కత్తితో కోసి, రెండు మూడు నిమిషాలు నీళ్లలో తలకిందులుగా పెడితే రక్తం కారిపోతుంది, ముక్క తెల్లగా వస్తుంది. మీ వల్ల కాకపోతే దుకాణంలోనే చేయించుకోండి, కానీ మీ కళ్ల ముందు చేయించుకోండి.

జిగురు తీయడానికి ఊళ్లో అయితే కట్టెల బూడిద, బండ ఉంటాయి, అంతకంటే మంచిది లేదు. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు గుప్పెడు దొడ్డుప్పు, చెంచాడు పసుపు, కాస్త శనగపిండి కలిపి ఒళ్లంతా రుద్దండి, రెండుసార్లు కడిగితే వేళ్లకు జారడం ఆగుతుంది. జిగురు పోకముందు పొలుసు తీయడం మొదలుపెడితే కత్తి జారి చెయ్యి తెగుతుంది. పొలుసు తోక నుంచి తల వైపు తీయాలి, కత్తి వెనక వైపుతో. కొరమేను పొలుసు బొచ్చె పొలుసులా ఊడి రాదు, గట్టిగా అంటుకుని ఉంటుంది, ఓపిగ్గా చేయాలి. పొట్ట కింద, రెక్కల మొదళ్లలో, తల మీద ఉండిపోతాయి, అక్కడ వేలితో తడిమి చూసుకోండి. రెక్కలు కత్తెరతో కత్తిరించేయండి.

పొట్ట కోసేటప్పుడు కత్తి మొన లోపలికి గుచ్చొద్దు, పైపైనే పోనివ్వండి, కాలేయం పక్కనే ఆకుపచ్చటి చేదు తిత్తి ఉంటుంది, అది పగిలితే ఆ చేదు ముక్కలకు పడుతుంది. పగిలిందా, వెంటనే ఆ చోటును ఉప్పు, నిమ్మరసంతో రుద్ది కడగండి. పేగులు, మొప్పలు, కొవ్వు తీసేశాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. అసలు పని ఇక్కడుంది. వెన్నుముల్లుకు ఆనుకుని నల్లటి రక్తపు గీత ఒకటి ఉంటుంది, దాన్ని గోటితోనో చెంచా అంచుతోనో గీకేయాలి. కొరమేనులో గాలితిత్తి పొట్టతో ఆగిపోకుండా తోక దాకా సాగి ఉంటుంది. అందుకే వెనకవైపు ముక్కలు కోసినప్పుడు వెన్నుముల్లు కింద చిన్న బొక్క కనిపిస్తుంది, అందులో పల్చటి తెల్లటి పొర, దాని పైన నల్లటి రక్తం ఉంటాయి. ప్రతి ముక్కలోనూ చిటికెనవేలు పెట్టి ఆ పొరను లాగేయండి. ఇంత చేసినా నీచు వాసన వస్తోందనేవాళ్ల ఇంట్లో తొంభై పాళ్లు ఆ పొరే కారణం.

ముక్కలు బొటనవేలి మందంలో కోయండి, మరీ పల్చగా కోస్తే ఉడికాక ముడుచుకుపోతాయి. తోలు తీయొద్దు. తలను నిలువుగా రెండుగా చీల్చి పెట్టుకోండి. చివరిగా దొడ్డుప్పు, నిమ్మకాయ వేసి ఒకసారి, ఉట్టి నీళ్లతో రెండుసార్లు కడిగి, నీళ్లు ఓడ్చి, పసుపు, ఉప్పు, చెంచాడు కారం పట్టించి 20 నిమిషాలు పక్కన పెట్టండి.

పులుసు ఇలా. కిలో ముక్కలకు చెప్తున్నాను. రెండు పెద్ద ఉల్లిపాయలు పొట్టుతోనే మంట మీద నల్లగా కాల్చి, పొట్టు తీసి మెత్తగా నూరండి. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి చిక్కగా రసం తీయండి, ఎండాకాలమైతే చింతపండు సగం తగ్గించి పుల్లటి మామిడికాయ ముక్కలు వేయండి. వెడల్పాటి మట్టి దాకలో ఐదారు చెంచాల పల్లి నూనె కాగాక పావు చెంచా మెంతులు, జీలకర్ర, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి వేసి, ఉల్లి ముద్ద వేసి నూనె తేలేదాకా వేయించండి. చెంచాన్నర అల్లం వెల్లుల్లి ముద్ద వేసి పచ్చి వాసన పోయాక పసుపు, రెండున్నర చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి వేసి అడుగంటకుండా ఒక్క నిమిషం. తర్వాత చింతపండు రసం, ముప్పావు లీటరు దాకా నీళ్లు, ఉప్పు. చేప వేయకుండానే పులుసును పది పన్నెండు నిమిషాలు మరగనివ్వండి. ఇక్కడ తొందరపడితే పచ్చి పులుపు అలాగే ఉండిపోతుంది, చేప వేశాక ఎక్కువసేపు మరిగించడానికి వీలుండదు.

ముందు తల ముక్కలు వేసి మూడు నిమిషాలయ్యాక మిగతావి పరవండి. మధ్యమంట మీద పది పన్నెండు నిమిషాలు, మూత సగం. గరిటె పెట్టొద్దు, దాకను రెండు చేతులతో గుడ్డ పెట్టి పట్టుకుని తిప్పండి. కొరమేను బొచ్చెలా చిదిరిపోదు గానీ ఎక్కువసేపు ఉడికితే రబ్బరు ముక్కలా సాగుతుంది. అలాగని సగం ఉడికించి దించడం కూడా ప్రమాదమే, ఈ జాతి చేపల్లో మనుషులకు హాని చేసే ఒక రకం పురుగు పిల్లలు ఉండే అవకాశం ఉంది, నిమ్మరసంలో నానబెడితే అవి చావవు, లోపలి దాకా ఉడకాలి. వెన్నుముల్లు దగ్గర మాంసం పారదర్శకంగా కాకుండా తెల్లగా మారి, ముల్లు నుంచి విడిపోతే అయినట్టే. దించేముందు వేయించి దంచిన మెంతి జీలకర్ర పొడి అర చెంచా, కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, కొత్తిమీర. కనీసం రెండు గంటలు కదపకుండా వదిలేయండి. పొద్దున వండి మధ్యాహ్నం తినండి, ఇంకా ఆగగలిగితే రాత్రికి.

ఇందులో వెన్నుముల్లు తప్ప సన్న ముళ్లు చాలా తక్కువ, అందుకే చిన్నపిల్లలకు మొదట పెట్టే చేపగా ఇదే మంచిదంటాను. మలేషియా, ఇండోనేషియాల్లో ఆపరేషన్ అయినవాళ్లకు గాయం తొందరగా మానాలని ఈ చేప సూప్ ఇస్తారు. మన ఇళ్లలో కూడా తల ముక్కలతో మిరియాలు, అల్లం వేసి పల్చగా కాచి ఇవ్వొచ్చు, డాక్టర్ ఇచ్చిన మందులు మానకుండా.

మిగిలిన పచ్చి ముక్కలు పసుపు, ఉప్పు పట్టించి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఒక రోజు, అంతకు మించితే ఫ్రీజర్‌లోనే. ఒకసారి కరిగించినవి మళ్లీ గడ్డకట్టించకండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు బతికున్న కొరమేను దొరకదు, వెతకడం కూడా వద్దు. 2002లో మేరీల్యాండ్‌లో ఒక చెరువులో చైనా నుంచి వచ్చిన ఇదే ప్రజాతి చేప బయటపడి పెద్ద గొడవైంది, అదే ఏడాది బతికున్న చన్నా చేపల్ని దేశంలోకి తేవడాన్ని నిషేధించారు. అక్కడి నదుల్లో ఉన్నవాటిని పట్టి చంపి తినమనే ప్రభుత్వం చెప్తోంది, 2024లో మేరీల్యాండ్ దానికి చెసపీక్ చన్నా అని పేరు కూడా పెట్టింది, ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లు చేపల దుకాణాల్లో అడిగి చూడండి. మిగతాచోట్ల ఫ్రోజెనే గతి. బంగ్లాదేశీ దుకాణాల్లో షోల్ అని రాసి ఉంటే అది మన కొరమేను, గజార్ అంటే పూమేను, టాకి అంటే మట్టగిడస, వియత్నాం వాళ్ల దగ్గర కా లోక్ అని అడగండి. ముక్కలుగా కోసినది కాకుండా పొట్ట మాత్రమే తీసిన పూర్తి చేపను కొనండి, మంచు పొర మందంగా ఉన్నవి వద్దు. రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో జల్లెడ మీద పెట్టి కరగనివ్వండి, కారిన నీళ్లు చేపకు తగలకూడదు. వెన్నుముల్లు కింది పొర ఫ్రోజెన్ చేపలో దాదాపు ఎప్పుడూ అలాగే ఉంటుంది, అది గీకి తీసేశాకే పసుపు, ఉప్పు పట్టించి పులుసులో వేయండి, దీనికి ఉడికే సమయం రెండు నిమిషాలు తగ్గించండి.